కంటిని కాదు, పట్టికను నమ్మండి: దీపావళి సెలవుల్లో నార్తంబర్లాండ్ శిథిలాలు చూడబోయేవారికి జాగ్రత్తలు

ఈ నెల మొదటి వారంలో మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఇంగ్లండు ఈశాన్య తీరంలోని నార్తంబర్లాండ్ జిల్లాలో లిండిస్ఫార్న్ ద్వీపంలోని మఠం శిథిలాలు చూసి తిరిగి వస్తూ, అద్దెకు తీసుకున్న కారును సముద్రానికి వదిలేసి, విజయవాడ నుంచి వచ్చిన పెద్దవాళ్లతో, ఎనిమిదేళ్ల పాపతో సహా స్తంభాల మీద కట్టిన ఒక చెక్క గదిలోకి ఎక్కి కూర్చోవలసి వచ్చింది. లైఫ్‌బోటు వచ్చేసరికి గంటన్నర పట్టింది. అందరూ ప్రాణాలతో ఇల్లు చేరారు గాని కారు మళ్లీ కదలలేదు, మామగారి మోకాలి వాపు ఇంకా తగ్గలేదు. అక్టోబరు చివర బడులకు వారం రోజుల సెలవులు, దానికి కాస్త వెనకో ముందో దీపావళి. న్యూకాసిల్, డరమ్, ఎడిన్‌బరో నగరాల నుంచి మనవాళ్లు ఇప్పటికే ప్రయాణాలు కట్టుకుంటున్నారు కనుక ఇది రాస్తున్నాను.

గొడుగు, స్వెట్టరు, మంచి బూట్లు తెచ్చుకోండని నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. స్కాట్లాండు సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ జిల్లాలో చూడవలసిన పాత కట్టడాలు చాలా ఉన్నాయి, వాటిలో పొంచి ఉన్న ప్రమాదాలూ చాలా ఉన్నాయి. కాని మనుషులను నిజంగా నట్టేట ముంచిన పొరపాటు మాత్రం నేను చూసినంతలో ఒక్కటే. అది, నీళ్లు ఇంకా రాలేదు కదా అని కంటితో చూసి కారు ముందుకు పోనివ్వడం.

లిండిస్ఫార్న్ పేరుకు ద్వీపమే అయినా రోజంతా ద్వీపంగా ఉండదు. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు ఇసుక, బురద మేటలు బయటపడతాయి, వాటి మీదుగా 1954లో వేసిన రోడ్డు తేలుతుంది. పోటు రాగానే ఆ రోడ్డు మునిగిపోతుంది. ఇలా రోజుకు రెండుసార్లు జరుగుతుంది. క్రీ.శ. 635లో ఐడన్ అనే సన్యాసి ఇక్కడ మఠం స్థాపించడానికి ఈ ఏకాంతం కూడా ఒక కారణమై ఉంటుంది. 793లో వైకింగులు వచ్చి కొల్లగొట్టింది ఈ మఠాన్నే. మనం ఇప్పుడు చూసే ఎర్రరాతి తోరణాలు ఆ తరువాత, 12వ శతాబ్దంలో కట్టిన ప్రయరీవి, అంటే చిన్న మఠానివి. వాటి మధ్య నిలబడి, ఎదురుగా గుట్ట మీది చిన్న కోటను చూస్తుంటే గంటలు ఎలా గడిచాయో తెలియదు. ప్రమాదానికి మొదలు కూడా సరిగ్గా అక్కడే.

మన పల్లెల్లో వాగు మీది చప్టా ఎరిగినవాళ్లకు ఈ రోడ్డు కొత్తగా అనిపించదు. వానాకాలంలో చప్టా మీద నీరు పారుతుంటే దాటబోయి కొట్టుకుపోయిన వాళ్ల గురించి మనం ఏటా వింటూనే ఉంటాం. అయితే వాగు ఎగువ నుంచి హోరెత్తుకుంటూ వచ్చి భయపెడుతుంది, ఈ సముద్రం మాత్రం చప్పుడు చేయదు. పైగా ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ దారిలో బాగా పల్లంగా ఉండే చోటు ప్రధాన భూభాగం వైపు, చిన్న వంతెన దగ్గర ఉంటుంది. పోటు నీరు ముందుగా ఆ కాలువలోకే ఎక్కుతుంది. ద్వీపం నుంచి తిరిగి వచ్చేవారికి మొదట ఇసుక దిబ్బల పక్కగా పొడి రోడ్డు కనిపిస్తుంది, తరువాత కూడా మైలు దాకా పొడి రోడ్డే కనిపిస్తుంది, ఇంకేముంది వచ్చేశాం అనుకునేసరికి వంతెన ముందు నీళ్లు ఎదురవుతాయి. వెనక్కి తిరిగి చూస్తే అప్పటికే రోడ్డుకు రెండు వైపులా నీరు మెరుస్తూ ఉంటుంది.

మావాళ్ల విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. ఫలానా వేళ వరకే రోడ్డు దాటవచ్చని పట్టికలో ఇచ్చిన గడువు ముగిసి ఇరవై నిమిషాలే అయింది. ద్వీపం వైపు బోర్డు దగ్గర పెద్దాయన "కాసేపు ఆగుదామా అల్లుడుగారూ?" అని అడిగారట. "ఏం ఫర్వాలేదు మామయ్యగారూ, రోడ్డు పొడిగానే ఉంది, ముందు కారు కూడా వెళ్లింది కదా" అన్నాడట అల్లుడు. ముందు వెళ్లిన కారు నాలుగు నిమిషాలు ముందుంది, అంతే తేడా. అది దాటింది, ఇది దాటలేదు.

అందుకని పట్టిక ఎలా చదవాలో కాస్త వివరంగా చెబుతాను. సురక్షితంగా దాటగల వేళలను జిల్లా పాలక మండలి అయిన నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ తేదీలవారీగా ప్రకటిస్తుంది. అవే వేళలు దారికి రెండు చివరలా బోర్డుల మీద ఉంటాయి, నీళ్లలో మునిగిన కారు ఫొటోతో హెచ్చరిక కూడా ఉంటుంది. ఫోనులోని ఏదో వాతావరణ యాప్ చూపించే పోటు వేళను దాటే వేళగా లెక్కించుకోకండి. పోటు నాలుగు గంటలకు అంటే మూడున్నర దాకా దాటవచ్చని అర్థం కాదు. సుమారుగా పోటుకు రెండు గంటల ముందే దారి మూసుకుపోయి, పోటు తరువాత మూడు గంటల దాకా తెరుచుకోదు. "ఫలానా వేళ వరకు" అని పట్టికలో ఉన్నది మీరు బయలుదేరవలసిన గడువు కాదు, అవతలి ఒడ్డుకు చేరి ఉండవలసిన గడువు. గాలి బలంగా ఉన్నా, సముద్రం మీద వాయుగుండం ఉన్నా నీరు లెక్క కంటే ముందే రావచ్చు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనుక, నిన్న వెళ్లొచ్చిన స్నేహితుడు పంపిన ఫొటో ఈరోజు మీకు పనికిరాదు. ఆ రోజు, ఆ తేదీ, ఆ వరుస చూడండి. బయలుదేరేముందు చూడండి, ఒడ్డున బోర్డు దగ్గర మళ్లీ చూడండి, ద్వీపంలో కారు దిగగానే తిరుగు వేళను కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కాగితమని ఎందుకు అంటున్నానంటే ఫోను చార్జింగ్ ఫొటోలకే అయిపోతుంది.

దీపావళి సంగతి కూడా చెప్పాలి. అది అమావాస్య నాటి పండుగ. అమావాస్యకు, పౌర్ణమికి సముద్రం పోటెత్తుతుందని మన జాలరులను అడిగినా చెబుతారు. ఆ ఉద్ధృతి తిథి దాటిన ఒకటి రెండు రోజులకు మరింత ఎక్కువగా ఉంటుంది. శరత్కాలంలో, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల చుట్టుపక్కల వచ్చే పోట్లు ఏడాదిలోకెల్లా పెద్దవాటిలో ఉంటాయి. ఈ తీరంలో అమావాస్య పోటు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల ప్రాంతంలో వస్తుంది. అంటే ఇంచుమించు మధ్యాహ్న భోజనం వేళకే దారి మూతపడి, చీకటి పడ్డాక గాని తెరుచుకోదన్నమాట. పొద్దున్నే వెళ్లి, మఠం చూసి, తీరుబడిగా భోంచేసి మూడింటికి బయలుదేరుదామనుకునే మన అలవాటుకు ఇంతకంటే పెద్ద ఉచ్చు లేదు. పండుగ చుట్టూ ఉన్న రోజుల్లో వెళ్లేటట్లయితే, భోజనం ఇటు వైపు వచ్చాకే చేయండి; లేదంటే రాత్రి దాకా ద్వీపంలోనే ఉండేలా ముందే సిద్ధపడి వెళ్లండి. అక్కడ ఐదారు గంటలు చిక్కుకుపోతే పోయేదేమీ లేదు, టీ తాగడానికి చోటుంది, నడవడానికి తీరముంది.

ఈ దారికి అడ్డంగా గేటు ఉండదు, ఆపే కాపలాదారు ఉండడు. ఎవరూ ఆపలేదు కనుక వెళ్లవచ్చని అర్థం చేసుకోకండి. వెళ్లేటప్పుడు ప్రధాన రహదారి నుంచి దిగాక బీల్ దగ్గర రైల్వే గేటు ఒకటి ఉంది, లండన్-ఎడిన్‌బరో రైళ్లు పోయే లైను అది; గడువు దగ్గర పడుతుండగా ఆ గేటు దగ్గర ఆగిపోయిన నిమిషాలను అవతల వేగంగా నడిపి పూడ్చుకుందామని చూడకండి, ఆ రోజుకు ఆ ప్రయాణం మానుకోండి.

ఇసుక మీదుగా నడిచి వెళ్లే పాత యాత్రామార్గం కూడా ఒకటుంది, వరుసగా నాటిన గుంజల వెంట మూడు మైళ్ల దూరం. కారు వేళలు నడకకు వర్తించవు. నీరు ఇంకా తీస్తూ ఉండగానే నడక మొదలుపెట్టి, అది పూర్తిగా తీసే వేళకు అవతలకు చేరి ఉండాలి. గుంజల వరుసను వదిలితే ఊబి ఉంటుంది. చిన్నపిల్లలతో, దారి తెలియకుండా, ఈ కాలంలో ఆ నడక వద్దు. ప్రయరీ పక్కనే శిలువ పాతిన చిన్న దిబ్బ ఒకటి కనిపిస్తుంది, ఇక్కడి మఠపు సన్యాసి సెయింట్ కత్‌బర్ట్ ఏకాంతంగా గడిపిన చోటని చెబుతారు. నాలుగు అడుగులే కదా అని రాళ్ల మీదుగా దాటి వెళ్తారు. అదీ పోటుకు తెగిపోతుంది. అక్కడా అదే పొరపాటు, నీళ్లు ఇంకా రాలేదు కదా అనుకోవడం.

మిగతా చోట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. హేడ్రియన్ గోడ క్రీ.శ. 122లో మొదలైన రోమన్ కట్టడం, 73 మైళ్ల పొడవు. ఫొటో కోసం దాని మీదికి ఎక్కకండి. మధ్య భాగంలో మీరు చూసే గోడ చాలా మేరకు 19వ శతాబ్దంలో జాన్ క్లేటన్ అనే న్యాయవాది పడిపోయిన రాళ్లను తిరిగి పేర్పించి నిలబెట్టినది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి, పైన గడ్డి పరిచారు. గడ్డి గట్టిగానే కనిపిస్తుంది గాని కింద రాళ్లు కదులుతాయి. గోడ సాగే నల్లరాతి కొండ అంచు ఉత్తరం వైపు నిట్టనిలువుగా తెగి ఉంటుంది, తడిసిందంటే ఆ రాయి సబ్బులా జారుతుంది. గోడ పక్కన పేరుమోసిన, 2023 సెప్టెంబరులో నరికివేతకు గురైన సికమోర్ చెట్టు మోడును చూడడానికి స్టీల్ రిగ్ అనే చోటు వైపు నుంచి వెళ్లేవారు, ఆ రాతి మెట్లు ఎక్కడం కంటే దిగడమే కష్టమని గుర్తుంచుకోండి.

డన్‌స్టన్‌బరా కోటకు కారు పోదు, క్రాస్టర్ ఊరి నుంచి రెండు కిలోమీటర్లకు పైగా పచ్చిక బయళ్ల గుండా నడవాలి. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగున్నర దాటాక త్వరగా చీకటి పడుతుంది. తిరుగు నడకకు ముప్పావు గంట పక్కన పెట్టి ఆ తరువాతే మిగతా లెక్క వేసుకోండి. బెరిక్ పట్టణంలో 16వ శతాబ్దపు ప్రాకారాల మీద గడ్డి పరుచుకుని ఉద్యానవనంలా ఉంటుంది, ఆ గడ్డి అంచు ఉన్నట్టుండి తెగిపోయి కింద చాలా లోతుకు పడిపోతుంది. పిల్లల చెయ్యి వదలకండి. చీకట్లో ఆ వైపు వెళ్లనే వెళ్లకండి.

ఆటర్‌బర్న్ చుట్టుపక్కల కొండల్లో రోమన్ సైనిక శిబిరాల ఆనవాళ్లున్నాయి, అదంతా ఇప్పటి సైన్యం కాల్పులు అభ్యసించే నేల. ఎర్ర జెండా ఎగురుతుంటే లోపలికి పోకండి. జెండా లేకపోయినా కింద పడి ఉన్న లోహపు వస్తువును ముట్టుకోకండి. దూడతో ఉన్న ఆవుకూ దూడకూ మధ్యగా నడవకండి. మన ఆవుల్లా అదిలిస్తే పోయే రకాలు కావు ఇవి. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. కంచె వేసిన గోడ కింద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పకండి, వాన తరువాత పాత సున్నం ఊడి రాళ్లు రాలుతాయి. శిథిలాల్లోని రాయి జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకోకండి. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడడం 1979 నాటి చట్టం ప్రకారం నేరం. డ్రోను ఇంట్లో వదిలి రండి. కొండల్లో ఫోను సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దించుకోండి. "రిజిస్టర్" అనే మాటను ఇంగ్లీషులో టైపు చేసి అత్యవసర నంబరు 999కి ఇప్పుడే మెసేజి పంపి పేరు నమోదు చేసుకోండి, మాట కలవనంత బలహీనమైన సిగ్నల్‌లో కూడా మెసేజి వెళ్లవచ్చు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లండి.

మళ్లీ ఆ రోడ్డు దగ్గరికే వస్తున్నాను. గడువు దాటితే బయలుదేరకండి. రోడ్డు పొడిగా ఉన్నా బయలుదేరకండి. ముందు కారు వెళ్లినా, వెనక కారు హారన్ కొట్టినా, మర్నాడు ఆఫీసు ఉన్నా, విమానం ఉన్నా బయలుదేరకండి. పెద్ద కారు కదా అనుకోకండి, అడుగు లోతు పారే నీరు చాలు చిన్న కారును తేల్చడానికి, ఉప్పునీరు ఏ కారునైనా పాడుచేస్తుంది. అద్దె ఒప్పందంలో నీటి నష్టం గురించి ఏం రాశారో తాళాలు తీసుకునే ముందే చదవండి. దారి మధ్యలో ఎదురుగా నీళ్లు కనిపిస్తే ఎంత లోతుందో చూద్దామని దిగకండి, వెనక్కి తిప్పుకుని ద్వీపానికే వెళ్లిపోండి. తిప్పే వీలు లేక చక్రాలకు నీరు తగులుతుంటే కారు ఆపి, అందరినీ దించి, వంతెన దగ్గర స్తంభాల మీది తెల్లటి చెక్క గది మెట్లు ఎక్కించండి. 999కి ఫోను చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. సీహౌసెస్ నుంచి లైఫ్‌బోటులో వచ్చేది తమ పనులు వదులుకుని వచ్చే స్వచ్ఛంద సేవకులు, వాళ్లు చెప్పినట్టు వినండి. గది ఎక్కాక మళ్లీ కిందికి దిగకండి. మామగారి మోకాలికి దెబ్బ తగిలింది పైకి ఎక్కేటప్పుడు కాదు, కారులో మరిచిపోయిన మందుల సంచీ కోసం ఆయన తిరిగి మెట్లు దిగినప్పుడు. ఆ సంచీ దొరకనూ లేదు.