బాయిలర్ పోయిందా? ముందు బకెట్ తీయండి

మొన్న రాత్రి 9 గంటలకు ఇక్కడే ఇంగ్లండ్‌లో, రెడింగ్ నుంచి మా తమ్ముడి వరస కుర్రాడు ఫోన్ చేశాడు. కొత్తగా కొన్న పాత ఇల్లు, గదుల్నీ నీళ్ళనీ కాచే గ్యాస్ బాయిలర్ పోయింది. ఎల్లుండి ఒకాయన వచ్చి 35 కిలోవాట్ల కాంబీ రకం బాయిలర్ పెడతాడట. అటక మీది ట్యాంకు, బీరువాలోని వేణ్ణీళ్ళ సిలిండర్ పీకేస్తాడట. "చోటు కలిసొస్తుంది కదన్నా" అన్నాడు. నీళ్ళు బకెట్‌తో కొలిచావా అని అడిగితే, "బకెట్ దేనికి?" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

అద్దెకున్నవాళ్ళు దీన్ని వదిలేయండి. బాయిలర్ బాగోగులు ఓనర్ పని. రాతపూర్వకంగా చెప్పండి, చాలు.

కొన్నవాళ్ళు వినండి. కాంబీ నీళ్ళు నిలవ పెట్టదు. వీధి పైపు నీళ్ళను వచ్చినవి వచ్చినట్టే కాచి పంపుతుంది. జనవరిలో అవి 5, 6 డిగ్రీలుంటాయి, స్నానానికి 40 కావాలి. ఆ లెక్కన 24 కిలోవాట్లది నిమిషానికి దాదాపు 10 లీటర్లు, 35ది 14 లీటర్లు ఇస్తుంది. మీ పైపులో వచ్చేదే 9 లీటర్లయితే? ఎంత పెద్ద బాయిలర్ పెట్టినా 9 లీటర్లే. బావిలో లేనిది బొక్కెనలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేను మొదటి చలికాలంలో చేసిన తప్పు ఇదే. చలికి భయపడి, ముందొచ్చినవాడు చెప్పిందానికల్లా తలూపాను. ట్యాంకు చెత్తలోకి పోయింది. తర్వాత ఓ రోజు అమ్మ పైన స్నానం చేస్తుంటే మా ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పింది. పైన షవర్ చుక్కలు చుక్కలైపోయింది. "ఇంత డబ్బు పోసి ఇల్లు కొని, మన మునిసిపాలిటీ కుళాయి పెట్టించుకున్నావేంట్రా" అంది అమ్మ. తీరా చూస్తే వీధిలోంచి వచ్చేది పాతకాలం సన్న సీసపు పైపు. మన స్థలంలో ఉన్నంతవరకు అది మన ఖర్చే. ముంగిలంతా తవ్వించాను.

కాబట్టి పొద్దున 7, 8 మధ్య, వీధంతా స్నానాలు చేసే వేళ, 10 లీటర్ల బకెట్ పెట్టి వంటింటి చన్నీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పండి. ఫోన్‌లో సెకన్లు చూడండి. 40 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు, ఒక బాత్రూం ఇంటికి కాంబీ హాయిగా సరిపోతుంది. నిమిషం దాటి, ఇంట్లో రెండు బాత్రూంలుంటే ట్యాంకూ సిలిండరూ కదిలించకుండా బాయిలర్ ఒక్కటే మార్చండి. అటక ట్యాంకు అక్కర్లేని కొత్త రకం సిలిండర్ పెడతామంటారు. అదీ వీధి పైపు మీదే బతుకుతుంది, దానికీ ఇదే పరీక్ష.

గ్యాస్ బదులు కరెంటుతో, బయటి గాలిలోని వేడి లాగి ఇల్లు కాచే హీట్ పంప్ ఆలోచన ఉన్నవాళ్ళకు సిలిండర్ తప్పదు. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వం 7,500 పౌండ్లు ఇస్తుంది. పెట్టేవాళ్ళే దరఖాస్తు చేసి బిల్లులో తగ్గిస్తారు. ఈరోజు చోటు కోసం సిలిండర్ పీకేస్తే రేపు మళ్ళీ సిలిండర్‌కు చోటు వెతకాలి.

మూడు కొటేషన్లు తీసుకోమనీ, గ్యాస్ పనివాళ్ళ దగ్గరుండే గ్యాస్ సేఫ్ గుర్తింపు కార్డు చూడమనీ కూడా నేను చెప్పాలా? సరే, కార్డు వెనక్కి తిప్పి చూడండి. అతను ఏ పనులు చేయొచ్చో అక్కడే ఉంటుంది.

మావాడు మర్నాడు పొద్దున కొలిచాడు. 70 సెకన్లు. ఎల్లుండి రావాల్సినాయన్ని రావద్దన్నాడు. ఇక "చలిలో పిల్లల్తో ఎలా అన్నా" అని ఒకటే టెన్షన్. సిలిండర్ బీరువాలో ఇమ్మర్షన్ స్విచ్ ఉందేమో చూడరా అన్నాను. ఉంది. మన ఊళ్ళో బకెట్లో వేసే రాడ్డే అది, ఇక్కడ సిలిండర్లో బిగించి ఉంటుంది. బాయిలర్ లేకపోయినా రెండు గంటల్లో వేణ్ణీళ్ళు వస్తాయి, కరెంటు బిల్లు మాత్రం కాస్త కాలుతుంది. గదులకు కరెంటు ఆయిల్ హీటర్లు చాలు, రెండు హీటర్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టకండి. రెండు మూడు వారాలు అలా లాగించొచ్చు, ఎవరికీ ఏమీ కాదు. నావి రెండు హీటర్లు మావాడు పట్టుకెళ్ళాడు. తిరిగిచ్చాక కావలసినవాళ్ళు అడగండి.