మందుకు లొంగని వైరస్‌లపై పరిశోధన: మన జిల్లాల విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి

హెపటైటిస్ బి వైరస్ తన జన్యువులకు నకలు తీసుకోవడానికి వాడే పాలిమరేజ్ ఎంజైమ్‌లోని రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ భాగంలో 204వ అమైనో ఆమ్లానికి సంకేతం ఏటీజీ అనే మూడు జన్యు అక్షరాలు. వాటిలో మొదటి ‘ఏ’ స్థానంలో ‘జీ’ వచ్చి చేరితే మెథియోనిన్ పోయి వాలిన్ వస్తుంది, దానితో లామివుడిన్ మాత్ర ఆ వైరస్ మీద పనిచేయడం మానేస్తుంది. ఈ మందు ఒక్కదాన్నే అయిదేళ్లు వాడినవారిలో దాదాపు 70 శాతం మందిలో నిరోధకత తలెత్తింది.

శ్రీకాకుళం జిల్లా వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. హెపటైటిస్ బికి వాడే మరో మందు టెనోఫోవిర్ పాత రూపం కిడ్నీలకు హాని చేయగలదు గనుక, ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పాటు హెపటైటిస్ బి కూడా ఉన్న రోగి వస్తే వైద్యులు ఎంటెకావిర్ వైపో, టెనోఫోవిర్ కొత్త రూపమైన టెనోఫోవిర్ అలాఫెనమైడ్ వైపో చూస్తారు. అయితే లామివుడిన్‌కు లొంగని వైరస్ మీద ఎంటెకావిర్ పట్టు కూడా సడలుతుంది. ఆ రోగి వైరస్‌లో ఏ అక్షరం మారిందో చెప్పగలగడమే ఈ వృత్తిలో మీ పని.

కనుక డిగ్రీ రెండో సంవత్సరంలోనే, ఏ ల్యాబూ లేకుండా, ఇంట్లో మొదలుపెట్టండి. జెన్‌బ్యాంక్ అనే జన్యుక్రమాల నిల్వ నుంచి హెపటైటిస్ బి పాలిమరేజ్ జన్యుక్రమాలను పదో పదిహేనో ఉచితంగా దించుకొని, ‘మెగా’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వరుసగా పేర్చి, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ భాగంలోని 204వ స్థానం దగ్గర ఏముందో మీ కళ్లతో చూడండి. మొదటిసారి లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఈ వైరస్‌లో పాలిమరేజ్, ఉపరితల ప్రోటీన్ జన్యువులు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి, మూడేసి అక్షరాలుగా చదవవలసిన చట్రం ఒక్క అక్షరం జరిగినా అర్థమంతా మారిపోతుంది.

చదువు మార్గం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మైక్రోబయాలజీ లేదా బయోటెక్నాలజీతో బీఎస్సీ, తరువాత ఎమ్మెస్సీ. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీకే ప్రత్యేక విభాగం ఉంది. ఎంబీబీఎస్ చేసినవారు ఎండీ మైక్రోబయాలజీ ద్వారా కూడా రావచ్చు. పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థికిచ్చే నెలసరి భృతి) కోసం సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ వంటి పరీక్షల్లో ఏదో ఒకటి రాయాలి. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం. పుణేలో 1952లో నెలకొల్పిన జాతీయ వైరాలజీ సంస్థను మొదటి గురిగా పెట్టుకోవచ్చు. విజయనగరంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మారకుండా పుణేలో దిగవచ్చు.

చేతిపని మాత్రం ల్యాబులోనే వస్తుంది. హెర్పిస్ వైరస్‌తో చేసే ప్లాక్ పరీక్షను ముందు నేర్చుకోవాలి: పలకలో పొరగా పెరిగిన కణాలకు వైరస్ సోకించి, హెర్పిస్ మందైన ఎసైక్లోవిర్‌ను వేర్వేరు గాఢతల్లో వేసి, కొన్ని రోజుల తరువాత క్రిస్టల్ వయొలెట్ పోస్తే, బతికిన కణాలు ఊదారంగులోకి తిరుగుతాయి, వైరస్ చంపిన చోట తెల్లని చుక్కలు మిగులుతాయి. చుక్కల సంఖ్యను సగానికి తగ్గించే గాఢతను, అదే పలకలో అదే రోజున మామూలు వైరస్‌కు కావలసిన గాఢతతో పోల్చితే తప్ప నిరోధకత ఎంతో చెప్పలేము. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను ఆ మామూలు వైరస్‌ను పక్కన పెట్టకుండానే నిరోధకత దొరికిందని రెండు వారాలు సంబరపడ్డాను. తీరా చూస్తే మందు ద్రావణాన్ని పలచగా కలిపింది నేనే. అప్పటి నుంచి గాఢతల లెక్కను నోటుబుక్కులో రెండుసార్లు వేస్తాను.

ఉద్యోగాల విషయంలో ఆశలు అదుపులో ఉంచుకోవాలి. వైద్య కళాశాలల్లోని వైరల్ పరిశోధన, నిర్ధారణ ప్రయోగశాలల్లో చాలా పోస్టులు కాంట్రాక్టువే, ప్రాజెక్టు నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. అందుచేత ఎక్కడైనా చేరే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ప్రాజెక్టు ఇంకా ఎన్నాళ్లుంది, సజీవ వైరస్‌ను పెంచే బీఎస్ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) గది అక్కడే ఉందా, సీక్వెన్సింగ్ ఫలితాలను చదివేది మీరా, బయటి సంస్థా. మూడో దానికి ‘బయటి సంస్థ’ అని జవాబు వస్తే, జీతం కాస్త ఎక్కువైనా నేనైతే చేరను.