క్యాంపర్ వ్యాన్‌లో నీళ్ల పంపు విప్పే ముందు జాగ్రత్తలు

గండికోటలో బండి ఆపి కుళాయి తిప్పితే నీళ్లు సన్నగా కారుతున్నాయా? వెంటనే స్పానర్ తీయకండి.

ట్యాంకులో నీళ్లున్నాయో లేదో కళ్లతో చూడండి. ట్యాంకు మీటర్‌ను నమ్మి నేనొకసారి అరగంట ఊరికే కుస్తీ పట్టాను.

పంపు 12 వోల్టులది. అది నడుస్తుండగానే బ్యాటరీ దగ్గర వోల్టేజీ కొలవండి. రీడింగు 12 కంటే బాగా కిందికి పడితే ముందు చార్జింగ్ సంగతి చూడండి.

స్విచ్చి ఆపి, ఫ్యూజు తీసి, కుళాయి తెరిచి ప్రెషర్ వదిలేయండి. లేదంటే పైపు ఊడదీయగానే నీళ్లు ముఖాన కొడతాయి. గీజర్ చల్లారాలి.

మన సీమ బోరు నీళ్లకు కుళాయి మూతిలోని జాలీకి తెల్లగా సున్నం పేరుకుంటుంది. దాన్ని నిమ్మరసంలో నానబెట్టి చూడండి, చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

ఫిల్టర్ విప్పాల్సి వస్తే కింద గిన్నె పెట్టుకోండి. ఓరింగు (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు) జారి పోతే జమ్మలమడుగు దాకా పోవాలి!