శ్రావణంలో మాణిక్యాంబ దర్శనానికి వెళ్లేవారికి జాగ్రత్తలు

అష్టాదశ శక్తిపీఠాల్లో 12వదిగా చెప్పుకునే ద్రాక్షారామ మాణిక్యాంబను శ్రావణ శుక్రవారం నాడు దర్శించుకోవాలనుకునే కుటుంబాల్లో చాలామంది ముందుగా కోటిపల్లి రేవులో గోదావరి పాయ అయిన గౌతమిలో స్నానం చేయాలని తలుస్తారు. గోదావరికి వరదలు వచ్చే రోజులు కూడా అవే కనుక, ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త నీటి దగ్గరే అవసరం.

మన ఊళ్లో చినుకు పడకపోయినా, ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పొంగితే ఇక్కడ ఏరు పెరుగుతుంది. అందుచేత ఆకాశాన్ని కాక, ముందు రోజే భద్రాచలం నీటిమట్టాన్ని చూసుకోవాలి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 2022 జూలైలో ఆ మట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఉన్నా సరే, రేవులో దిగకపోవడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. ఎర్రనీటిలో మెట్టు ఎక్కడ ముగిసిందో కనిపించదు, వరద తీసిన తరువాత కూడా మెట్ల మీద ఒండ్రు పేరుకుని కాలు జారుతుంది. గట్టు మీదే నిలబడి, తెలిసినవారు చెంబుతో తెచ్చిన నీటిని తలపై చల్లుకుంటే స్నానఫలానికి లోటేమీ ఉండదని పెద్దలకు నచ్చజెప్పాలి.

కోనసీమ వైపు నుంచి వచ్చేవారు వరద రోజుల్లో ముక్తేశ్వరం–కోటిపల్లి పంటును (మనుషులను, బండ్లను ఏరు దాటించే బల్లకట్టును) నమ్ముకోకూడదు. పంటు ఆపేస్తే పడవవాళ్లను బతిమాలుకోకుండా, దూరమైనా అమలాపురం, ముమ్మిడివరం మీదుగా యానాం–ఎదుర్లంక వంతెన దాటి రావాలి.

ఆలయంలో భీమేశ్వరుని లింగం రెండు అంతస్తుల ఎత్తున ఉంటుంది కనుక పై అంతస్తుకు ఎక్కేటప్పుడు మోకాళ్ల నొప్పులున్నవారికి తోడు ఉండాలి. తడి రాతి మీద పిల్లలను పరుగెత్తనివ్వకూడదు. మధుమేహం ఉన్నవారు క్యూ ఎంతసేపు పడుతుందో తెలియకుండా ఉపవాసంతో నిలబడటం ప్రమాదం, మందుల సంగతి ముందే వైద్యుణ్ణి అడగాలి.

2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజున, రాజమహేంద్రవరం ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సంగతి మన జిల్లాల వాళ్లం మరువలేం. వెనుక నుంచి నెట్టుడు మొదలైతే ఎదురు తిరగకుండా, పిల్లలను ఎత్తుకుని పక్కకు జరుగుతూ బయటపడాలి. పిల్లల జేబులో ఇంటివారి ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టాలి, తప్పిపోతే కలుసుకునే చోటును బండి దిగగానే అందరికీ చూపించాలి.