పాత తేదీ ఉన్న ఫైళ్లు బ్యాకప్‌లో తప్పిపోకుండా చూడటం ఎలా?

మా అక్క పెళ్లి ఫొటోలు 2011 నాటివి. బావగారు వాటిని జిప్ చేసి పంపితే, విప్పి ఫొటోల ఫోల్డర్‌లో పడేశాను. రోజూ రాత్రి బ్యాకప్ నడుస్తోంది కదా అని టెన్షన్ పడలేదు. కొన్ని నెలలకు డిస్క్ పోయింది. బ్యాకప్ తెరిస్తే మిగతావన్నీ ఉన్నాయి, పెళ్లి ఒక్కటే లేదు.

జిప్ గానీ, టార్ (లైనక్స్‌లో ఫైళ్లను ఒకే మూటగా కట్టే ప్రోగ్రామ్) మూట గానీ విప్పినప్పుడు ఫైలుకు దాని పాత మార్పు తేదీనే తిరిగి పడుతుంది. నేను రాసుకున్న స్క్రిప్టేమో నిన్నటి నుంచి మారినవే తీసుకుంటుంది. 2011 తేదీ చూసి, ఇది ఎప్పుడో తీసుకున్నదేలే అని వదిలేసింది.

1. ముందు మీ బ్యాకప్‌ను పరీక్షించండి. పాత ఫైళ్లున్న ఏదైనా జిప్‌ను ఫోల్డర్‌లో విప్పి, ఇంక్రిమెంటల్ బ్యాకప్ (కొత్తవి, మారినవి మాత్రమే తీసుకునేది) నడిపి, అవతల చేరాయేమో చూడండి. చేరితే ఇక్కడితో ఆగిపోవచ్చు.

2. చేరకపోతే, తేదీని బట్టి ఏరే పద్ధతి మానేసి రెండు వైపులా పోల్చే పద్ధతికి మారండి. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్ అవతల లేని ఫైలును, దాని తేదీ ఎంత పాతదైనా, కాపీ చేస్తుంది. విండోస్‌లో రోబోకాపీ కూడా అంతే. కాకపోతే అందులో మాక్స్‌ఏజ్ ఆప్షన్ (ఇన్ని రోజులకంటే పాతవి వద్దని చెప్పేది) పెట్టి ఉంటే తీసేయండి, లేకపోతే మళ్లీ అదే కథ.

3. లైనక్స్‌లో టార్‌తోనే కొనసాగాలనుకుంటే, న్యూయర్-ఎంటైమ్ ఆప్షన్ వద్దు. అది లోపలి సమాచారం మారిన తేదీనే చూస్తుంది. న్యూయర్ ఆప్షన్ అయితే సీటైమ్‌ను, అంటే ఫైలు వివరాలు చివరిసారి మారిన సమయాన్ని, కూడా చూస్తుంది. ఫైలు విప్పిన క్షణమే సీటైమ్‌లో పడుతుంది, జిప్‌లోని పాత తేదీ దాన్ని మార్చలేదు.

4. సైజూ తేదీ రెండూ ఒకటే, లోపలి సరుకు మాత్రం వేరు అన్న అనుమానముంటే ఆర్‌సింక్‌కు చెక్‌సమ్ ఆప్షన్ (లోపలి సరుకునే పోల్చేది) ఇవ్వండి. ప్రతి ఫైలునూ మొత్తం చదువుతుంది కాబట్టి చాలా నెమ్మది. రోజూ అక్కర్లేదు.

టచ్ కమాండ్‌తో అన్నిటికీ ఇవాళ్టి తేదీ వేసేయమని కొందరు చెబుతారు. పని అవుతుంది, నిజమే. కానీ తాతగారి స్కాన్ చేసిన పత్రాలూ నిన్నటి కరెంటు బిల్లూ ఒకే తేదీతో కలిసిపోతాయి. దానికంటే పాత ఫైళ్ల మూట ఇంటికి తెచ్చిన రోజే ఒక ఫుల్ బ్యాకప్ తీసుకోవడం నయం.