రెండు సీసాల్లో ఫార్మిక్ ఆమ్లం ఏదో కనిపెట్టడం ఎలా?

ల్యాబ్‌లో లేబుళ్ళు ఊడిపోయిన సీసాలు రెండు. ఒకదాంట్లో ఎసిటిక్ ఆమ్లం, ఇంకోదాంట్లో ఫార్మిక్ ఆమ్లం అని మాత్రం తెలుసు. రెండింటికీ రంగు లేదు, రెండూ ఘాటే, నీలి లిట్మస్ రెండింట్లోనూ ఎర్రబడుతుంది. వాసన చూసి చెప్పేద్దాం అనుకోకండి, గాఢంగా ఉంటే ఆ ఆవిరికే కళ్ళూ ముక్కూ మండిపోతాయి.

కిటుకంతా అణువులోనే ఉంది. ఎసిటిక్ ఆమ్లంలో ఆమ్ల సమూహానికి ఒక మిథైల్ సమూహం తగులుకుని ఉంటుంది, ఫార్మిక్‌లో ఆ చోట ఉన్నది ఉత్త హైడ్రోజన్. అందుకని దీన్ని ఒకవైపు నుంచి చూస్తే ఆమ్లం, ఇంకోవైపు నుంచి చూస్తే ఆల్డిహైడ్. ఆల్డిహైడ్ చేసే పనులు (వెండి లవణం నుంచి వెండిని విడగొట్టడం లాంటివి) ఇదీ చేస్తుంది, ఎసిటిక్ చెయ్యదు. మనం పట్టుకోవాల్సింది అక్కడే.

ముందు రెండింటి నుంచీ కొద్దికొద్దిగా తీసి నీళ్ళు కలిపి పలుచన చేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థీకరించండి. ఇది వదిలేస్తే పరీక్ష చెడుతుంది, ఎందుకంటే మిగిలిన ఆమ్లం టోలెన్స్ కారకంలోని, అంటే వెండి లవణం, అమ్మోనియా కలిసిన పరీక్ష ద్రావణంలోని, అమ్మోనియాని లాగేసుకుంటుంది (నేను మొదటిసారి ఇదే మర్చిపోయి, అద్దంలాంటి వెండి పూత ఎందుకు రావట్లేదా అని గంటసేపు టెన్షన్ పడ్డాను). తర్వాత అప్పటికప్పుడు చేసిన టోలెన్స్ కారకం కలిపి పరీక్షనాళికని వేడినీళ్ళలో ఉంచండి. లోపలి గోడలకి వెండి పూత పడినా, కనీసం నల్లటి మడ్డి దిగినా అది ఫార్మిక్. మిగిలిన కారకాన్ని దాచుకోవద్దు, నిలవుంటే పేలే పదార్థాలు తయారవుతాయి, వెంటనే విలీన ఆమ్లం పోసి పారబోసేయాలి.

వెండి లవణం లేకపోతే ఊదారంగు పొటాషియం పర్మాంగనేట్ ఉంది, కొంచెం విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడిచేస్తే ఫార్మిక్ ఆ ఊదారంగుని పోగొడుతుంది. గాఢ సల్ఫ్యూరిక్ మాత్రం పొరపాటున కూడా వద్దు, అది ఫార్మిక్ నుంచి నీటిని లాగేసి కార్బన్ మోనాక్సైడ్‌ని వదులుతుంది, విషవాయువు, వాసన కూడా రాదు.

ఫార్మిక్ పీకేఏ (ఆమ్లం బలాన్ని చెప్పే అంకె, తగ్గేకొద్దీ బలం ఎక్కువ) 3.75 కాబట్టి పుస్తకాల్లో దీన్ని బలహీన ఆమ్లం అంటారు. ఎసిటిక్‌ది 4.76, అంటే దానికంటే ఇది సుమారు పది రెట్లు బలమైనది. మామూలుగా దొరికే 85 శాతం ద్రావణం చర్మాన్ని కాల్చేస్తుంది, పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోస్తూనే ఉండాలి.

పేరు చీమల నుంచి వచ్చింది, లాటిన్‌లో ఫార్మికా అంటే చీమ. 1671 నాటికే ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ రే చీమలని స్వేదనం చేసి ఆమ్లం తీసిన సంగతి రాశాడు, పాపం చీమలు. తేనెటీగ కుట్టినా ఇదే అంటారు కానీ అక్కడ నొప్పికి ముఖ్య కారణం మెలిటిన్ అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ లాంటిది). చీమల్లోనూ అన్నీ దీన్ని చిమ్మవు. పుట్ట మీద తడి నీలి లిట్మస్ పట్టి చూడండి, ఫార్మిసినే ఉపకుటుంబం చీమలు కోపంతో చిమ్మితే ఎర్రచుక్కలు పడతాయి. నిప్పుచీమల విషంలో ఉండేవి ఎక్కువగా ఆల్కలాయిడ్లు (నత్రజని ఉన్న క్షార గుణం గల పదార్థాలు), అవి కాగితాన్ని ఎర్రబరచవు, చేతిని మాత్రం వదలవు.