వైజాగ్ కాలనీ పార్కులో కార్తీక వనభోజనాలా? చేయి సాయం ఇలా చేయండి

దీపావళి వెళ్ళిన మర్నాడే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న మొదలవుతుంది: "ఈసారి వనభోజనాలు ఏ ఆదివారం?" ఎండ చురుకు తగ్గి, ఇంటిల్లిపాదీ చెట్టు కింద కూర్చుని తినగలిగే రోజులివి. తినడానికి రెండొందలమంది వస్తారు. దగ్గరుండి చూసుకోవడానికి పదిమంది దొరకడమే కష్టం. ఆ పదిమందిలో మీరూ ఉండాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.

ముందుగా: ఒక్క పనే ఒప్పుకోండి

"ఏదైనా చేస్తానండీ" అనకండి. అలా అన్నవాళ్ళను అందరూ పిలుస్తారు, ఏ పనీ చివరిదాకా వాళ్ళ చేతిలో ఉండదు. కొన్నేళ్ళ క్రితం నేను పిల్లల ఆటలు చూసుకుంటానని ఒప్పుకున్నాను. వడ్డనకు మనుషులు చాలడం లేదంటే పప్పు బకెట్ పట్టుకుని వెళ్ళాను. ఆ పావుగంటలో నాలుగేళ్ళ పాప కనిపించకుండా పోయింది. గేటు బయట కొబ్బరిబొండాల బండి దగ్గర దొరికింది గానీ, ఆ లోపల వాళ్ళమ్మ పడ్డ అవస్థ నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. అప్పటినుంచి నాది ఒకే పని, ఒకే చోటు. కదలాల్సి వస్తే ఇంకొకరిని అక్కడ నిలబెట్టాకే కదులుతాను.

అసోసియేషన్ వాళ్ళ దగ్గర కూర్చుని కాగితం మీద రాయించండి: నీళ్ళు ఎవరు, గేటు ఎవరు, పిల్లలు ఎవరు, వడ్డన ఎవరు, చెత్త ఎవరు. ప్రతి పనికీ ఒక పేరు, ఆ పేరు పక్కన బదులు మనిషి పేరు.

వారం ముందు పార్కు చూసి రండి

భోజనాల వేళకే వెళ్ళండి. పొద్దున్న నీడ ఉన్నచోట మధ్యాహ్నం ఉండకపోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి చెట్లను వేలకొద్దీ కూల్చేసింది. తర్వాత నాటినవి అన్నీ ఇంకా గొడుగు పట్టేంత ఎదగలేదు, కాబట్టి షామియానా ఎక్కడ కావాలో అప్పుడే చూసుకోండి. మరుగుదొడ్లకు నీళ్ళు వస్తున్నాయా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, చేతులు కడిగిన నీళ్ళు ఎటు పోతాయి అన్నవి వాచ్‌మన్‌ని అడిగితే తెలుస్తాయి. వందమందికి మించి చేరే వేడుక గురించి మూడు పనిదినాల ముందు నగరపాలక సంస్థకు (జీవీఎంసీకి) తెలియజేయాలని ఘనవ్యర్థాల నిబంధనల్లో ఉంది. జీవీఎంసీ పార్కు అయితే అనుమతి, ఈ సమాచారం రెండూ ఒకేసారి పూర్తిచేసుకోవచ్చు.

కార్తీకంలో బంగాళాఖాతాన్ని నమ్మలేం. మన ఊళ్ళోనే తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది. రెండు రోజుల ముందు నుంచీ దాని ప్రకటనలు చూస్తూ ఉండండి, వాయుగుండం అంటే ఆలోచించకుండా తేదీ మార్చమనండి.

నవంబరులో ఇక్కడ ఐదున్నరకల్లా పొద్దు వాలిపోతుంది. మొదటి బంతి పన్నెండున్నరకు కూర్చోకపోతే గిన్నెలు చీకట్లో సర్దుకోవాలి.

ఉసిరి, దీపం

పార్కులో ఉసిరి చెట్టు లేదని ఎక్కడినుంచో కొమ్మ విరుచుకొస్తారు. నాకది మనసొప్పదు. నర్సరీలో ఉసిరి మొక్క కుండీతో సహా తెప్పించండి, పూజ దానికే చేయించండి. దీపాలను ఎండుటాకుల మీద కాకుండా ఇసుక పోసిన పళ్ళెంలో పెట్టించి, పక్కన బకెట్ నీళ్ళుంచండి. పట్టు పరికిణీలతో చిన్నపిల్లలు ఆ దీపాల చుట్టూనే తిరుగుతారు. అక్కడ ఒక పెద్దావిడ కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, వేరే కాపలా అక్కర్లేదు.

పిల్లలు మీ వంతు అయితే

రాగానే ప్రతి బిడ్డ జేబులో అమ్మదో నాన్నదో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. చీటీ మీద పేరు రాయకండి. పేరు చదివి పిలిచినవాళ్ళను పిల్లలు తెలిసినవాళ్ళే అనుకుంటారు. బీచ్ రోడ్డు పక్కన పార్కయితే సముద్రం వైపు గేటు దగ్గర ఇద్దరు ఉండాలి. మన తీరంలో కెరటం కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది, ఈతొచ్చిన పెద్దవాళ్ళకు కూడా ప్రమాదమే. ముడసర్లోవ వైపు వెళ్తే రిజర్వాయరుకూ ఇంతే జాగ్రత్త.

ఆటల్లో దాగుడుమూతలు వద్దు, దాక్కున్న పిల్లలను లెక్కపెట్టడం మీ వల్ల కాదు. కర్రాబిళ్ళ జనం మధ్య అసలే వద్దు. ఏడుపెంకులాట, తొక్కుడుబిళ్ళ, కుర్చీలాట చాలు. అరగంటకోసారి తలలు లెక్కపెట్టండి. మరుగుదొడ్డికి పంపాల్సి వస్తే వాళ్ళ ఇంటివాళ్ళనే పిలవండి. ఫొటోలు తీసి గ్రూపులో పెట్టే ముందు తల్లిదండ్రులను అడగండి. 108 (అంబులెన్స్), 112 (అత్యవసర సాయం), 1098 (పిల్లల సహాయవాణి) నంబర్లు మైకు దగ్గర పెద్దక్షరాలతో రాసి అంటించండి.

వడ్డన

ఇది చూసినంత తేలిక కాదు. నడుం వంచి వరస చివరిదాకా వెళ్ళాలి, అదీ నాలుగు బంతులు. పడుచువాళ్ళు బకెట్లు పట్టుకోవాలి, పెద్దవాళ్ళు వరస మొదట నిలబడి ఏ విస్తరిలో ఏం తక్కువైందో చూసి చెప్పాలి.

మా లెక్కలో పులిహోర, దద్దోజనం ఉన్నప్పుడు కిలో బియ్యం ఎనిమిదిమందికి వస్తుంది. తాగడానికి మనిషికి లీటరు, అంటే రెండొందలమందికి ఇరవై లీటర్ల క్యాన్లు పది. చేతులకు వేరే. వండిన అన్నం, కూరలు రెండు గంటలకు మించి వేడి లేకుండా ఉంచకండి, మన ఊరి ఉక్కకు త్వరగా పాడవుతాయి. చింతపండు పడ్డ పులిహోర కాస్త ఓర్చుకుంటుంది. పెరుగన్నం మాత్రం చివర్లో కలపమనండి.

మొదటి వడ్డన ఎప్పుడూ చిన్న గరిటెతోనే. "ఇంకాస్త వేయనా అమ్మా?" అని మళ్ళీ వెళ్ళండి. విస్తరిలో వదిలేసేది సగానికి తగ్గడం చూస్తారు. నడవలేనివాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కింద కూర్చోలేక, అడగడానికి మొహమాటపడి వెనకే నిలబడిపోతారు. వాళ్ళను మీరే వెతికి కుర్చీ, చిన్న బల్ల చూపించండి. గారెలు, బూరెలు బంతికింతని ముందే విడదీయండి. వాచ్‌మన్‌కు, ఊడ్చే అక్కలకు, వంటవాళ్ళకు తీయాల్సింది మొదటి బంతి లేవకముందే పక్కకు తీసి మూతపెట్టండి. మిగిలితే పెడదామనుకుంటే ఏమీ మిగలదు.

చెత్త

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధం. పైన మెరిసే పూత ఉన్న కాగితపు ప్లేట్లూ కుళ్ళవు. మన్యం నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్ళు తెప్పించమని వారం ముందే పట్టుబట్టండి. అప్పుడు విస్తరి, మెతుకులు అన్నీ తడి చెత్తలోకే పోతాయి. డబ్బాల పక్కన మనిషి నిలబడకపోతే ఎవరూ వేరుచేయరు. నిలబడి, నవ్వుతూ "తాతగారూ, ఇది ఇటు" అంటే చాలు.

అందరూ వెళ్ళాక వరసలో నిలబడి పార్కు ఈ చివరినుంచి ఆ చివరికి ఒకసారి నడవండి. గుండుసూదులు, ప్రమిద ముక్కలు, ఐస్‌క్రీమ్ పుల్లలు అప్పుడే దొరుకుతాయి. రేపు పొద్దున్న అక్కడ పిల్లలు చెప్పులు లేకుండా పరిగెడతారు.

ఇక ఉసిరి మొక్క. వాచ్‌మన్‌ని, అసోసియేషన్ వాళ్ళను అడిగి ఎండ బాగా తగిలేచోట నాటించండి. పని కాగితం ఇంకా జేబులోనే ఉంటుంది కదా, వేసవిలో దానికి నీళ్ళు పోసేవాళ్ళ పేరూ అందులో రాయించుకుని ఇంటికి వెళ్ళండి.